ప్రతి ఉద్యోగీ పూనవలెను

పాలగెడ్డ పట్టణ తాగునీటి సరఫరా సంస్థకు ఆ సోమవారం ప్రధాన కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. లోపల ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం ఉంది. ‘ఎవ్రీ ఎంప్లాయీ షల్ బీ పొసెస్డ్.’ కింద మేనేజింగ్ డైరెక్టర్ గారి సంతకం, ఆ సంతకం ఆయనదేనని ధ్రువపరుస్తూ ఇంకొందరి సంతకాలు. పైన మూలగా ‘అత్యవసరం’ అని ఎర్ర ముద్ర. ఏది అత్యవసరమో మాత్రం రాయలేదు.

మేనేజింగ్ డైరెక్టర్ గారు అంతకు ముందు వారమే సముద్రపొడ్డు హోటల్లో ఏదో నాయకత్వ శిక్షణకు వెళ్ళొచ్చారు. వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఆయన సంస్థ కోసం ఒక మాట తెచ్చేవారు. ఒకసారి ‘సినర్జీ’ తెస్తే పంపు ఆపరేటర్లు వచ్చి బిల్లు కలెక్టర్ల బల్లల దగ్గర కూర్చున్నారు, బిల్లు కలెక్టర్లు వెళ్ళి పంపుల దగ్గర కూర్చున్నారు, ఊరికి నీళ్ళు లేవు. మరోసారి ‘పారడైమ్’ తెచ్చారు. దాన్నేం చెయ్యాలో తెలియక, అందినది, స్టోర్సులో భద్రపరచితిమి అని పాలగెడ్డ నుంచి జవాబు వెళ్ళింది. ప్రధాన కార్యాలయం సంతృప్తి వ్యక్తం చేసింది.

వచ్చిన ప్రతి సర్క్యులర్‌నూ తెలుగులో నోటీసు బోర్డు మీద పెట్టాలని నియమం. ఆ పని సీనియర్ సూపరింటెండెంట్ భానోజీరావుది. ఆయన ఇంగ్లీషులో ఎం.ఏ. చదివాడు. కాలేజీలో పాఠం చెప్పాలనుకున్నవాడు నీళ్ళాఫీసులో గుమాస్తాగా చేరాడు, అక్కడే జుట్టు నెరిసిపోయింది. కానీ ఇంగ్లీషు మీద మమకారం పోలేదు. ఒక మాట అర్థం సరిగ్గా తేలకపోతే ఆయనకు అన్నం సయించదు.

నిఘంటువు తీసి పి అక్షరం దగ్గర చూశాడు. ఆ మాట వెనక ‘ఆఫ్’ వస్తే ఒక గుణమో సొత్తో కలిగి ఉండడం. ‘బై’ వస్తే ఏదో ఒకటి ఒంటిమీదికి రావడం. ముందు ‘లైక్’ వస్తే ఒళ్ళు తెలియకుండా పనిలో పడిపోవడం. సర్క్యులర్‌లో ఆఫూ లేదు, బైయూ లేదు, లైకూ లేదు. ఉద్యోగి దేన్నైనా కలిగి ఉండాలా, ఉద్యోగినే ఏదైనా పట్టుకోవాలా, పట్టుకుంటే ఏది పట్టుకోవాలి అని ఎంతో వినయంగా అడుగుతూ ప్రధాన కార్యాలయానికి ఉత్తరం రాశాడు.

జవాబు చాలా త్వరగా వచ్చింది. ‘ప్రిపోజిషన్ల మంజూరు క్షేత్రస్థాయి కార్యాలయాల పరిధిలోనిది కాదు. సదరు అంశం విధానపరమైనది, ఉన్నతస్థాయి పరిశీలనలో ఉన్నది. ఈలోగా సర్క్యులర్‌ను యథాతథంగా అమలుపరచి నివేదిక పంపవలెను. వ్యాకరణం నెపంతో అమలును జాప్యం చేసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపవలెను.’

భానోజీరావుకి ఒళ్ళు మండింది. మండినా బయటికి కనపడనివ్వలేదు. అది సర్వీసులో నేర్చుకున్న విద్య. చర్య ఎందుకు తీసుకోకూడదో ఒక పేజీ రాసి పంపి, ఆ తరవాత తెల్లకాగితం మీద, అచ్చులాంటి దస్తూరీతో, సర్క్యులర్‌కి తెలుగు రాశాడు. ‘ప్రతి ఉద్యోగీ పూనకంలో ఉండవలెను.’ ఒక ప్రతి బోర్డుకి అంటించి, ఇంకో ప్రతి ప్రధాన కార్యాలయానికి పంపించాడు. అది చూసి వాళ్ళు సిగ్గుపడతారని ఆయన అనుకున్నాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళి తృప్తిగా భోంచేశాడు.

వాళ్ళు సిగ్గుపడలేదు. ఆంగ్ల పదంలోని ఆత్మను తెలుగులో పట్టుకున్నందుకు భానోజీరావుని ఫోన్లో అభినందించారు. ఆ అనువాదాన్ని అన్ని జిల్లాలకూ పంపించారు. పూనకం అమలులోకి వచ్చింది.

పాలగెడ్డ ఆఫీసుకి పెద్ద ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు త్రినాథ పాత్రో గారు. ఆదేశాన్ని అర్థం చేసుకునే ప్రయత్నం ఏనాడూ చేయకుండా అమలుపరచిన అధికారిగా ఆయనకు పేరుంది. ఆయన వెంటనే కార్యాచరణ ప్రణాళిక తయారుచేశారు. పూర్వాహ్ణం పూనకం, అపరాహ్ణం విధులు. హాజరుపట్టీలో ‘పూనెను’, ‘పూనలేదు’ అని కొత్త గడులు గీయించారు. వేపమండల కోసం కొటేషన్లు పిలిచారు. ఫైలు తిరిగి వచ్చేసరికి మండలు ఎండిపోతున్నాయని ఆడిట్ వాళ్ళు అభ్యంతరం చెబితే, ప్లాస్టిక్ మండలు తెప్పించారు. డప్పు కొట్టే బాధ్యత మీటర్ల రిపేరు సెక్షన్‌కి అప్పజెప్పారు, వాళ్ళకి కొట్టడం అలవాటు కనక.

టైపిస్టు రూతమ్మ వచ్చి, తాము ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళమనీ, ఇలాంటివి తమకు కుదరవనీ చెప్పుకుంది. విషయం పైకి వెళ్ళింది. పైనుంచి స్పష్టీకరణ దిగింది. ‘ఇది పూర్తిగా లౌకిక పూనకం. ఏ దేవతకు గాని, దయ్యమునకు గాని ఇందు ప్రవేశము లేదు. ఉద్యోగిని సంస్థ లక్ష్యములు ఆవహించును. ఆవహించిన పిమ్మట పై అధికారి “ఎవరు నీవు” అని ప్రశ్నించవలెను. ఉద్యోగి తనను ఆవహించిన లక్ష్యము పేరు చెప్పవలెను.’ లక్ష్యాలు సీనియారిటీ ప్రకారం పంచారు. రూతమ్మకి ‘బిల్లుల వసూలు’ వచ్చింది. అసిస్టెంట్ ఇంజనీరుకి ‘నిరంతర నీటి సరఫరా’ వచ్చింది. భానోజీరావుకి ‘పారదర్శకత’ వచ్చింది. రోజూ పొద్దున్నే ఆయన ప్లాస్టిక్ మండ పట్టుకుని, కళ్ళు సగం మూసి, కుర్చీలోనే కొంచెం ఊగేవాడు. పాత్రో గారు వచ్చి ఎవరు నీవని అడిగితే, పారదర్శకతనండీ అని చెప్పేవాడు. తను వెటకారంగా రాసిన మాటకి తనే ఊగవలసి వచ్చిందని ఆయనకు తెలుస్తూనే ఉంది. ఇప్పుడు అది వెటకారమని చెబితే ఉద్యోగం ఉండదని కూడా తెలుసు.

ఆ రోజుల్లోనే దాసరివీధి నుంచి పైడితల్లి అనే ఆవిడ ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. వీధి మొగలో ఆవిడకి ఇడ్లీల బండి ఉంది. కొడుకూ కోడలూ చెన్నపట్నంలో భవనాల పనికి పోతే, మనవరాల్ని తనే చూసుకుంటోంది. దాసరివీధి నీళ్ళ గొట్టం మురుగుకాలవ లోంచి పోతుంది. అది ఎక్కడో చిల్లుపడింది.

“కుళాయిలోంచి కాలవనీళ్ళొస్తన్నాయి బాబూ,” అందావిడ భానోజీరావుతో. “నోట్లో ఏసుకుంటే కంపు. మా ఈదిలోన పిల్లగుంటలందరికీ వాంతులూ ఇరోసనాలూ. ఓపాలి వొచ్చి సూడండి.”

భానోజీరావు ఫిర్యాదు రాసుకున్నాడు. చూడవలసినవాడు అసిస్టెంట్ ఇంజనీరు. ఆయన హాల్లో నిరంతర నీటి సరఫరాగా ఊగుతున్నాడు. ఊగడం అయ్యాక అలసట తీర్చుకోవడానికి ఇచ్చిన విరామంలో ఉన్నాడు. ఆ తరవాత పొద్దుపోయింది. పైడితల్లి మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే జరిగింది. చివరికి భానోజీరావే ధైర్యం చేసి పాత్రో గారితో చెప్పాడు. పాత్రో గారు సమస్యను కాదనలేదు. అయితే ప్రధాన కార్యాలయం నుంచి ఆవేశ మూల్యాంకన బృందం రాబోతోందనీ, వాళ్ళ కారు వచ్చే దారి దాసరివీధి మీదుగానేననీ, ఇప్పుడు వీధి తవ్వితే కారు ఆగిపోతుందనీ, కారు ఆగితే మార్కులు పోతాయనీ వివరించారు. బృందం వెళ్ళాక తవ్వుదాం అన్నారు. భానోజీరావు ఫిర్యాదు మీద ‘మూల్యాంకనానంతరం పరిశీలించవచ్చును’ అని రాసి పక్కన పెట్టాడు.

బృందం వచ్చింది. దానికి నాయకుడు ఒక చీఫ్ జనరల్ మేనేజర్. మెడలో గుర్తింపు కార్డుతో, చేతిలో స్టాప్‌వాచ్ గడియారంతో హాల్లోకి నడిచారు. తీవ్రతకు కొన్ని మార్కులు, నిడివికి కొన్ని, లక్ష్యస్పష్టతకు కొన్ని. డప్పు మొదలైంది. సిబ్బంది ఊగారు. రూతమ్మ బిల్లుల వసూలునని మెల్లిగా చెప్పింది. చీఫ్ గారు పెదవి విరిచారు. ఊపు యాంత్రికంగా ఉన్నదనీ, అంతఃప్రేరణ లోపించినదనీ పక్కనున్న వ్యక్తికి చెప్పి రాయించారు. పాత్రో గారి ముఖం పాలిపోయింది.

అప్పుడే తలుపు తోసుకుని పైడితల్లి లోపలికి వచ్చింది. ఆ తెల్లవారుజామున మనవరాల్ని పెద్దాస్పత్రిలో చేర్చింది. పిల్ల కళ్ళు తేలేస్తే సెలైన్ పెట్టారు. అక్కణ్నించి నడుచుకుంటూ, పరిగెత్తుకుంటూ వచ్చింది. జుట్టు విడిపోయి ఉంది. కొంగు నేలమీద ఈడుస్తోంది. ఎదురుగా ఉన్న బల్లను ఒక్క తోపు తోసింది. ఫైళ్ళన్నీ నేలపాలయ్యాయి. పాత్రో గారి చొక్కా కాలరు పట్టుకుని ఊపేసింది. ఆవిడ గొంతులోంచి వచ్చేది మాటో ఏడుపో తెలియడం లేదు. డప్పు కొట్టేవాళ్ళు బెదిరిపోయి ఇంకా గట్టిగా కొట్టారు.

చీఫ్ గారు గడియారం నొక్కారు. ముఖం విప్పారింది. నిబంధన ప్రకారం ముందుకు వచ్చి అడిగారు.

“ఎవరు తల్లీ నువ్వు?”

“పైడితల్లిని,” అంది ఆవిడ.

డప్పు ఆగిపోయింది. పైడితల్లి ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ మొక్కే అమ్మవారి పేరు, చీఫ్ గారిది కూడా ఆ ప్రాంతమే. ఆయన చేతులు వాటంతటవే నమస్కారానికి లేచాయి. బృందంలో ఒకాయన చెప్పులు విప్పేశాడు.

“ఏం కావాలి తల్లీ?”

“నీళ్ళు. మా ఈదికి మంచినీళ్ళు కావాల. నా గుంట సచ్చిపోతంది.”

ఎవరో పరిగెత్తుకెళ్ళి మూత తీసిన మినరల్ వాటర్ సీసా తెచ్చి రెండు చేతులతో అందించారు. పైడితల్లి దాన్ని గోడకేసి కొట్టింది. చీఫ్ గారు తృప్తిగా తల పంకించారు. లక్ష్యస్పష్టత అద్భుతంగా ఉన్నదనీ, ఇంతటి అంతఃప్రేరణ రాష్ట్రంలో మరే కార్యాలయంలోనూ కానరాలేదనీ అన్నారు. లౌకికత్వానికి భంగం కలుగుతుందేమోనని బృందంలో ఒకాయన సందేహం వెలిబుచ్చితే, పైడితల్లి అన్నది ప్రతిపాదిత నీటి పథకం పేరుగా నమోదు చేయమన్నారు. ఈ ఉద్యోగినిది ఏ విభాగమని అడిగారు. కాలరు సర్దుకుంటూ పాత్రో గారు, ఔట్‌సోర్సింగ్ అండీ, అని చెప్పారు.

భానోజీరావు లేచి నిలబడ్డాడు. ఈవిడ ఉద్యోగి కాదు, ఫిర్యాదుదారు అని చెప్పడానికి నోరు తెరిచాడు. పాత్రో గారు ఆయన మోచెయ్యి పట్టుకున్నారు. “కూర్చోండి రావుగారూ,” అన్నారు మెల్లిగా. “ఫుల్ మార్కులు పడుతున్నాయి.”

సెల్‌ఫోన్లు తనవైపు తిరిగి వీడియో తీస్తుండడం చూసి పైడితల్లికి అప్పటికి అర్థమైంది. కోపం ఒక్కసారిగా దిగిపోయింది. చుట్టూ చూసింది. తెలిసిన ముఖం ఒక్కటే ఉంది.

“తవఁరైనా సెప్పండి బాబూ,” అంది భానోజీరావుతో. “నాకేటీ పూననేదని సెప్పండి.”

అందరూ భానోజీరావు వైపు చూశారు. ఆయన తన చేతిలోని ప్లాస్టిక్ మండ వైపు చూసుకున్నాడు. ఆకులు ఒక్కొక్కటీ ఎంత శ్రద్ధగా చేశారో అని ఆ క్షణంలో ఎందుకో అనిపించింది. మండ పట్టుకుని మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. పైడితల్లి కొంగు పైకి వేసుకుని, ఆస్పత్రికి వెళ్ళిపోయింది. పూనకం దిగిపోయే తీరు కూడా ఎంతో సహజంగా ఉందని చీఫ్ గారు రాయించారు.

మనవరాలు బతికింది. అవే వాంతులతో చేరిన పక్కింటి అప్పన్న మాత్రం ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు. ఆయన దహనం అయిన మర్నాడు దాసరివీధి వాళ్ళు గడ్డపారలు తీసుకుని బయటికొచ్చారు. చందాలు వేసుకుని కొత్త గొట్టం కొన్నారు. కాలవలో కుళ్ళిపోయిన ముక్కని కోసి పారేసి, కొత్తదాన్ని కాలవకి పైగా, ఇటికల మీద ఎక్కించి కట్టారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. సాయంత్రానికి కుళాయిలో శుభ్రమైన నీళ్ళు వచ్చాయి.

పాలగెడ్డ పూనకం వీడియోను శిక్షణ చిత్రంగా అన్ని కార్యాలయాలకూ పంపే ముందు మేనేజింగ్ డైరెక్టర్ గారికి చూపించారు. ఆయన అన్ని జిల్లాలనూ వీడియో కాన్ఫరెన్సులోకి పిలిచి, తెరమీద దాన్ని మొత్తం చూశారు.

“వీళ్ళంతా ఎందుకు గెంతుతున్నారు?” అని అడిగారు చివరికి.

తమరి సర్క్యులర్ ప్రకారమేనని చీఫ్ గారు విన్నవించారు. మేనేజింగ్ డైరెక్టర్ గారు సర్క్యులర్ తెప్పించుకుని అప్పుడు మొదటిసారి చదివారు. తాను చెప్పింది ‘సెల్ఫ్ పొసెస్డ్’ అన్నారు. అంటే ఎలాంటి పరిస్థితిలోనూ తొణక్కుండా, నిబ్బరంగా ఉండాలని. విచారిస్తే స్టెనో చెప్పాడు: అయ్యగారు టూరు వివరాలు చెప్పేటప్పుడు ‘సెల్ఫ్ అండ్ డ్రైవర్’ అంటారు, సెల్ఫ్ అంటే అయ్యగారే. కనక అది ఉద్యోగులకి వర్తించదనుకుని తీసేశాడు.

ఆ మాట నిఘంటువులో ఎస్ అక్షరం కింద ఉంటుంది. భానోజీరావు పి దగ్గరే ఆగిపోయాడు. తనని పిలిచి దులిపేస్తారని ఆయన తెరముందు చెమటలు పట్టి కూర్చున్నాడు. కానీ ప్రధాన కార్యాలయంలో పొరపాటు జరగడం విధానపరంగా సాధ్యం కాదు. కాసేపటి చర్చ తరవాత, ఇంతవరకూ జరిగింది మొదటి దశ అనీ, పూనినవాడికే నిబ్బరం విలువ తెలుస్తుందనీ, ఇక రెండవ దశ ప్రారంభమైనదనీ మేనేజింగ్ డైరెక్టర్ గారు ప్రకటించారు. అన్ని జిల్లాలూ చప్పట్లు కొట్టాయి. ఎక్కువగా ఊగి మార్కులు తెచ్చుకున్నవాళ్ళకి నిబ్బరం కోల్పోయినందుకు మెమోలు వెళ్ళాయి.

మర్నాటి నుంచి పాలగెడ్డ ఆఫీసులో నిబ్బరం మొదలైంది. ఎవరొచ్చినా, ఏం చెప్పినా, సిబ్బంది కదలకుండా చూసేవారు. ఇది అందరికీ చాలా తేలిగ్గా వచ్చింది.

దాసరివీధి సంగతి ఆలస్యంగా పైకి తెలిసింది. న్యాయ విభాగం నుంచి ఇంగ్లీషులో నోటీసు దిగింది. సంస్థ పొసెషన్‌లో ఉన్న గొట్టాన్ని వీధివాసులు అనుమతి లేకుండా కోసి, ఆస్తికి నష్టం కలిగించారు. కోసిన ముక్కను వెంటనే అప్పగించాలి, లేకపోతే కేసు. ఈసారి ప్రిపోజిషన్ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. భానోజీరావుకి ఏ సందేహమూ రాలేదు. ‘స్వాధీనంలో ఉన్న’ అని తెలుగు రాశాడు. ఆ నోటీసు తీసుకెళ్ళడానికి ఎవరూ ముందుకు రాకపోతే, నిబ్బరం పరీక్షగా పనికొస్తుందని పాత్రో గారు ఆయన్నే పంపారు. వెంట ఒక కెమెరా మనిషిని కూడా ఇచ్చారు.

భానోజీరావు వెళ్ళేసరికి పైడితల్లి బండి దగ్గర ఇడ్లీ రేకుల్లో పిండి పోస్తోంది. మనవరాలు పక్కన పీటమీద కూర్చుని ఉంది, ఇంకా నీరసం తగ్గలేదు. వీధి జనం చేరారు. వాళ్ళలో తెల్లచీరలో అప్పన్న భార్య ఉంది. భానోజీరావు నోటీసు మొత్తం చదివాడు. ఒక్క అక్షరం కూడా తడబడలేదు.

పైడితల్లి రేకులు పాత్రలో పెట్టి మూతవేసి, చేతులు తుడుచుకుంది.

“గొట్టం తవఁరిదే బాబూ. మాది అన్నేదు. అది కుళ్ళినన్నాళ్ళూ ఎవుళిదో సెప్పినోడు నేడు, బాగయ్యాక తవఁరిదని తెలిసింది. మరి అప్పన్న పోనాడు గదా. అది కూడా తవఁరి స్వాధీనంలోదేనని అందులో రాసుందా?”

“లేదమ్మా,” అన్నాడు భానోజీరావు.

అప్పన్న భార్య ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది, అంతే. భానోజీరావు తప్పయిపోయిందమ్మా అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట ఆయనకు రెండు భాషల్లోనూ వచ్చు. కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతోంది. నోటీసు ముట్టినట్టు సంతకం పెట్టమని కలం అందించాడు. పైడితల్లి తన పేరు కూడబలుక్కుంటూ రాసింది. కాలవగట్టున పడి ఉన్న పాత గొట్టం ముక్కను ఇద్దరు కుర్రాళ్ళు ఎత్తి తెచ్చి, నల్లటి బురద కారుతుండగానే ఆయన చేతుల్లో పెట్టారు. ఆయన దాన్ని పట్టుకుని, వీధి పొడుగునా నడిచి, ఆఫీసుకి తెచ్చి అప్పగించాడు.

ఆ ఏడాది రాష్ట్రస్థాయి ఉత్తమ నిబ్బర పురస్కారం భానోజీరావుకి వచ్చింది. తీవ్రమైన ప్రజావ్యతిరేకత నడుమ ముఖకవళికల్లో ఏ మార్పునూ రానీయని ఉద్యోగిగా ప్రశంసాపత్రంలో రాశారు. సముద్రపొడ్డు హోటల్లోనే సన్మానం. మేనేజింగ్ డైరెక్టర్ గారు స్వయంగా శాలువా కప్పారు. ఫొటోగ్రాఫరు వచ్చి కొంచెం నవ్వమన్నాడు. భానోజీరావు ప్రయత్నించాడు. ఫొటోగ్రాఫరు కెమెరా దించి, పోనీ కొంచెం ఏదో ఒకటి పెట్టండి సార్ మొహంలో అన్నాడు. భానోజీరావు నిజంగానే చాలా ప్రయత్నించాడు. దవడలు నొప్పెట్టాయి గాని ఏదీ రాలేదు.

“వదిలెయ్యవయ్యా,” అన్నారు మేనేజింగ్ డైరెక్టర్ గారు. “మనకి కావలసిన మొహం అదే.”

ఆ ఫొటోను పెద్దది చేయించి అన్ని జిల్లాలకూ పంపించారు. ఇప్పుడు ఏ ఊళ్ళో నీళ్ళాఫీసుకి వెళ్ళినా, ఫిర్యాదులు తీసుకునే కిటికీకి సరిగ్గా పైన అదే కనిపిస్తుంది.